పందొమ్మిదో పేజీ

చీరాల బస్సులో నా పక్క సీటావిడ మిరపకాయల తొడిమలు తీసే పని నుంచి వస్తోంది. ఒళ్ళో లైబ్రరీ పుస్తకం, గ్రీకుల, పాతకాలంలో ఇరాన్‌ని ఏలిన పార్థియన్ల చరిత్ర. వేలికి కొంగు చుట్టుకుని పేజీలు తిప్పుతోంది.

"చేతులకి కారం ఉందండి. తర్వాత చదివేవాళ్ళ కళ్ళు మండుతాయి" అంది.

నేను హిస్టరీ లెక్చరర్ని. ఆమధ్య అదే పుస్తకం లైబ్రరీ నుంచి తెచ్చుకుని, పందొమ్మిదో పేజీ మూల మడిచి, మిగతాది చదవకుండానే తిరిగిచ్చేశాను. ఆవిడేమో చివరి పేజీల్లో ఉంది. ఓర్వలేక అడిగాను.

"ఇదంతా అర్థమవుతోందా అమ్మా?"

"ఈ పార్థియన్లు గుర్రం పరిగెడతా ఉంటే వెనక్కి తిరిగి బాణాలేసేవాళ్ళంటండి" అంటూ సీట్లోనే వెనక్కి తిరిగి, లేని విల్లు లాగి చూపించింది.

నెల తర్వాత ఆ పుస్తకం మళ్ళీ తెచ్చాను. నేను మడిచిన మూలను ఎవరో జాగ్రత్తగా సాపు చేశారు. ఎవరో ఏమిటి, ఆవిడే.