ఇంజను నీళ్ళు తాగదు

మా మేనత్త పోయిందని చెల్లెలు ఫోన్ చేసేసరికి నేను బాపట్లలో ఆఫీసు బయట కారు బోనెట్టు ఎత్తి నిలబడి ఉన్నాను. తెల్లవారుజామున నిద్రలోనే పోయిందట, అంగలకుదురులో తన ఇంట్లో, తన మంచం మీద. ఫోను పెట్టేశాక చూసుకుంటే రెండో చేతిలో పప్పుగుత్తి అలాగే ఉంది. కారు దగ్గర పప్పుగుత్తి ఏంటని మీకు అనిపించవచ్చు. ఆవిడ గురించి చెప్పాలంటే అక్కణ్ణుంచే మొదలుపెట్టాలి.

ముందే ఒక మాట. ఇలాంటివి బరువుగా రాయాలంటారు, నాకది చేతకాదు. ఏడ్చాను, బాగానే ఏడ్చాను. కానీ అత్తయ్య సంగతి ఎత్తితే నాకు హుషారు ఆగదు. ఆవిడకీ అంతే. ఏదైనా మిషను లోపల ఏం జరుగుతోందో అంతుపట్టిందంటే చాలు, డెబ్బై ఏళ్ళ మనిషి చేతిలో పని వదిలేసి, దారినపోయే వాళ్ళని కూడా పిలిచి చూపించేది.

మామయ్య చిన్నవయసులోనే పోతే పిండిమర ఆవిడ చేతికొచ్చింది. అమ్మేయమని అందరూ చెప్పారు. ఆవిడ అమ్మలేదు, కొంగు బొడ్లో దోపుకుని మర ముందు నిలబడింది. ముప్ఫై ఏళ్ళకి పైగా అలాగే నిలబడింది. జడ ఎప్పుడూ ముడే. బెల్టులు తిరిగే చోట జడ గానీ కొంగు గానీ వేలాడితే ఏమవుతుందో ఆవిడకి తెలుసు. మర దగ్గరికి ఆడపిల్లలు ఎవరొచ్చినా ముందు చున్నీ ముడేసుకోమనేది, ఆ తరవాతే ఏం పట్టించాలో అడిగేది.

ఆ మరలో గోడకి ఒక పప్పుగుత్తి వేలాడుతుండేది. పప్పు కోసం కాదు. దాని కాడ కొసని బేరింగు మీద ఆనించి, గుత్తి వైపు చెవికి ఆనించుకుని కళ్ళు మూసుకునేది. శబ్దం బాగుంటే "గుండ్రంగా ఉంది" అనేది. ఒకసారి వినాయక చవితి ముందు రోజు, ఉండ్రాళ్ళ రవ్వకి వీధి చివరిదాకా జనం నిలబడి ఉంటే, ఉన్నట్టుండి మర ఆపేసింది. అందరూ తిట్టారు. ఆవిడ పట్టించుకోలేదు. విప్పి చూస్తే బేరింగు నిజంగానే పగలబోతోంది. "ఆగితే గంట పోద్ది, ఆగకపోతే మరే పోద్ది" అంది. ఆ మాట అప్పటికి నా చెవిలో పడింది గానీ బుర్రలోకి ఎక్కలేదు.

ఇక నా కారు. ఎనిమిదేళ్ళ కిందట సెకండ్ హ్యాండులో కొన్నాను. మా ఇంట్లో మొదటి కారు కాబట్టి నా మోజుకి హద్దు లేదు. రోజూ పొద్దున్నే తుడిచేవాణ్ణి, రేడియేటర్లో ఒక చెంబుడు నీళ్ళు పోసేవాణ్ణి. మా ఆవిడ తులసికోటకి నీళ్ళు పోసే వేళా, నేను కారుకి పోసే వేళా ఒకటే. ఒక్కరోజు కూడా తప్పలేదని నలుగురికీ చెప్పుకునేవాణ్ణి కూడా.

కారు మాత్రం పాపం తన సంగతి చెబుతూనే ఉంది. కొన్న కొత్తలో లోపల ఒక తియ్యటి వాసన వచ్చేది, పాత ఓనరు వాడిన సెంటు అనుకుని మురిసిపోయాను. ఆగిన చోటల్లా ముందువైపు కింద తడి ఉండేది, ఎండాకాలం ఎవరి కారు కింద మాత్రం ఉండదు, ఏసీ నీళ్ళే అనుకున్నాను. స్టార్టు చేయగానే బెల్టు వైపునుంచి ఈల వేసినట్టు సన్నటి కూత వచ్చేది. రేడియో సౌండు పెంచాను.

అలా ఉండగా చెల్లెలి పెళ్ళి కుదిరింది. పెళ్ళికొడుకు వాళ్ళది రేపల్లె, పెళ్ళి కూడా అక్కడే, పగలు పదకొండూ ముప్పావుకి ముహూర్తం. అత్తయ్య ఒక్కటే కోరింది. ముహూర్తానికి వధూవరులు కట్టుకునే మధుపర్కాలు చీరాల వైపు తనకి తెలిసిన నేతవాళ్ళ మగ్గం మీదే నేయించాలని. తెల్లటి నూలు బట్ట, ఎర్రంచు. సరేనన్నాం. తీరా చూస్తే ఆ నేతాయనకి జ్వరం వచ్చి పని ఆగిపోయింది. పెళ్ళిరోజు పొద్దునకి గానీ బట్టలు చేతికి రావన్నాడు. పంచె, చీర ఇంకెక్కడైనా కొనేద్దాం అన్నాను. ఆవిడ ఒప్పుకోలేదు, చెల్లెలూ ఒప్పుకోలేదు. దాంతో పెళ్ళివాళ్ళందరూ రేపల్లెకి పోతే, నేనూ అత్తయ్యా చీకటితో లేచి చీరాల వైపు పోయాం. డిక్కీలో చెల్లెలికి పెట్టాల్సిన సారె సామాను కూడా ఉంది. స్టీలు బిందె, చెంబు, అట్లకాడ, పప్పుగుత్తి, అన్నీ ఆవిడే కొన్న కొత్తవి.

మధుపర్కాల మూట తీసుకుని ఎనిమిదింటికి బయల్దేరాం. బాపట్ల దాటుతుండగా అత్తయ్య చెయ్యి చాపి రేడియో కట్టేసింది.

"ఆ కూత ఏంటిరా?"

పాత బండి, ఏదో ఒకటి కూస్తూనే ఉంటుందన్నాను. వేడెక్కుతుందా అని అడిగింది. రోజూ చెంబుడు నీళ్ళు పోస్తాను, ఒక్కరోజు తప్పలేదని గర్వంగా చెప్పాను. ఆవిడ నా వైపు తిరిగి కూర్చుంది.

"రోజూ పోసే నీళ్ళు ఎటు పోతన్నాయిరా?"

"ఇంజను తాగుద్ది గదా అత్తయ్యా."

"ఇంజను నీళ్ళు తాగదురా. తిప్పుకుంటది. ఉన్న నీళ్ళే తిరగాల. రోజూ తగ్గుతున్నాయంటే ఎక్కడో కారతన్నాయన్నమాట."

కరెంటు మోటారు రాకముందు వాళ్ళ మర ఆయిలింజను మీద నడిచేది. దాని పక్కన నీళ్ళ తొట్టి ఉండేది. ఆ నీళ్ళే ఇంజనులోకి పోయి, వేడెక్కి, మళ్ళీ తొట్టిలోకి వచ్చి చల్లారేవి. కారు తోలడం ఆవిడకి రాదు గానీ ఈ సంగతి మాత్రం నాకంటే ఆవిడకే బాగా తెలుసు. నేను నవ్వేసి పోనిచ్చాను.

కర్లపాలెం దాటాక ఇంజను వేడి చూపించే ముల్లు ఎర్రగీత వైపు లేచింది. ఆపమంది. ఇంకో ముప్ఫై కిలోమీటర్లేగా అన్నాను. ఆపమంది మళ్ళీ. బోనెట్టు సందుల్లోంచి ఆవిరి కనపడ్డాక ఆపాను. ఆపానే గానీ నా ఉద్దేశం వేరు, గబగబా నీళ్ళు పోసి లాగించేద్దామని. తడి తువ్వాలు పట్టుకుని రేడియేటరు మూత మీద చెయ్యి వేయబోతే ముంజేతి మీద ఒక్కటి కొట్టింది.

"కూత పెడతన్న కుక్కరు మూత ఇట్టాగే తీస్తావా నువ్వు?"

తరవాత ఆవిడ చేసిన పని నేను జన్మలో మరిచిపోను. కారు తాళం లాగి కొంగుకి ముడేసుకుంది. చల్లారిందాకా ఇవ్వనంది. అటు ఫోన్ మీద ఫోన్, ఎక్కడున్నారని నాన్న, ఎంతసేపని పెళ్ళివారు. బస్సు మా కళ్ళముందే పోయింది. ఇంకోటి వచ్చిందాకా ఉండి నువ్వు బస్సులో మూట పట్టుకుపో అన్నాను. "నేను బస్సెక్కితే నువ్వు దీన్ని తోలేస్తావు, నాకు తెలవదా" అంది. నాకు ఒళ్ళు మండిపోయింది. ఇది నీ మర కాదు, కారు అని అరిచాను. ఆవిడకి కోపం రాలేదు.

"తిరిగేది ఏదైనా ఒకటేరా" అని బోనెట్టు లోపలికి వంగింది.

ఆ ముప్పావుగంటలో నేను రోడ్డు మీద అటూ ఇటూ తిరిగి గడియారం చూసుకుంటుంటే, ఆవిడ మాత్రం బోనెట్టు కింద తిరునాళ్ళలో ఉన్నంత సంబరంగా ఉంది. ఉన్నట్టుండి పిలిచింది. బెల్టు తిప్పే ఒక కప్పీ వెనక, వేలంత లోహపు గూడు కింద చిన్న కన్నం, దాని చుట్టూ తెల్లగా ఉప్పు పేరుకున్నట్టు చార. చూస్తుండగానే ఒక చుక్క. అదే వాటర్ పంపు అని అప్పటికి నాకు తెలియదు. లోపలి సీలు అరిగితే నీళ్ళు బేరింగులోకి పోకుండా బయటికి రావడానికి కంపెనీ వాళ్ళే ఆ కన్నం పెడతారని తరవాత తెలిసింది. ఆవిడ చూడగానే పట్టేసింది.

"ఎంత మంచోళ్ళురా దీన్ని చేసినోళ్ళు. పాడయ్యేటప్పుడు చెప్పుకోడానికి దానికో నోరు పెట్టారు."

చెప్పొద్దూ, నాకూ కోపం ఎగిరిపోయింది. పక్క చేలో మోటారు ఆడుతుంటే సారె బిందె నిండా నీళ్ళు పట్టుకొచ్చాను. రేడియేటరు పైగొట్టం చేతికి చల్లగా తగిలాక, మూత మెల్లగా తిప్పి నీళ్ళు పోశాక, అప్పుడు కొంగు ముడి విప్పి తాళం ఇచ్చింది. కొంగు మళ్ళీ బొడ్లో దోపి, సారె సంచిలోంచి కొత్త పప్పుగుత్తి తీసింది. నన్ను స్టార్టు చేసి దిగి రమ్మంది. పైన ఉన్న డైనమో మీద ముందు ఆనించి వినమంది. తేనెటీగల రొద లాంటి నున్నటి శబ్దం. అది గుండ్రంగా ఉంది కదా అని, తిరిగే బెల్టుకి దూరంగా కాడని పంపు మీద ఆనించింది. విన్నాను. లోపల ఎవరో గులకరాళ్ళు నములుతున్నారు. అన్ని నెలలు నేను రేడియో మోతతో మూసేసింది అదే. అర నిమిషం పాటు ముహూర్తం సంగతి కూడా మరిచిపోయి అలా వింటూ ఉండిపోయాను.

పంపు కారుతోంది గానీ ఇంకా తిరుగుతోంది. నిదానంగా పోదాం, నాలుగైదు కిలోమీటర్లకోసారి ఆపి చూసుకుందాం అంది. ఏసీ ఆపేశాం. హీటరు పెడితే ఇంజను వేడి కొంత లోపలికి లాగేస్తుందని నేనెక్కడో విన్నది అప్పుడు గుర్తొచ్చింది. చెప్పగానే పెట్టు మరి అంది. నడి వేసవిలో, పట్టుచీరలో అత్తయ్య, పట్టుపంచెలో నేను, మొహాన నిప్పుల సెగ కొట్టే హీటరు. ఆవిడ కాళ్ళ మధ్య నీళ్ళ బిందె, ఒళ్ళో మధుపర్కాల మూట. చేతులకి గ్రీజు ఉందని మూటని మోచేతులతోనే పట్టుకుంది. చెరుకుపల్లి దగ్గర ఒకసారి, ఆ తరవాత ఇంకో మూడుసార్లు ఆగాం. ముల్లు పైకి కదిలినప్పుడల్లా ఆవిడ అడక్కముందే నేనే ఆపాను.

పదకొండున్నరకి మండపం ముందుకి వచ్చాం. పంతులుగారు మధుపర్కాలు ఎక్కడని మూడోసారి అడుగుతున్నారట. గ్రీజు మొహంతో, చెమటతో తడిసి, చంకలో బిందెతో లోపలికి నడిచొస్తున్న అత్తయ్యని చూసి పెళ్ళికూతురు పీటల మీదనుంచే నవ్వేసింది. ఆ నవ్వు ఫోటోలో ఉంది. మా చెల్లెలు ఇప్పటికీ చెబుతుంది, ఆ చీర కట్టుకుంటుంటే అప్పుడే ఇస్త్రీ పెట్టె కిందనుంచి తీసినట్టు వెచ్చగా ఉందని.

పెళ్ళయ్యాక కారుని తాడు కట్టి తెనాలి తీసుకుపోయాం. మెకానిక్ భాయ్ పంపు విప్పి చూపించాడు. లోపలి రెక్కలని సగం తుప్పు తినేసింది. కూలెంటు పోయాల్సిన చోట నేను బోరునీళ్ళు పోయడమే దానికి కారణమట. కూలెంటుకి రంగు ఉంటుంది, తియ్యటి వాసన ఉంటుంది, అది కారితే ఎవరికైనా తెలుస్తుంది. నేను రోజూ చెంబుడు పోసి రంగూ వాసనా కడిగేసి, కారేవి ఏసీ నీళ్ళలా కనిపించేట్టు చేసుకున్నాను. పంపు ఇన్నాళ్ళు ఎలా ఆగిందో అని భాయ్ ఆశ్చర్యపోయాడు. పంపుతో పాటు బెల్టు కూడా మార్చమని అత్తయ్య పట్టుబట్టింది. ఆమె ఎక్కడ నేర్చుకుందండీ అని నన్ను పక్కకి పిలిచి అడిగాడు. పిండిమరలో అన్నాను.

కొత్త పంపు వేశాక శబ్దం వినడానికి ఆ పప్పుగుత్తే వాడాం. అది ఇక కారులోనే ఉండిపోయింది. మా చెల్లెలు కనపడినప్పుడల్లా నా సారె పప్పుగుత్తి ఎప్పుడిస్తావని అడిగేది. రేపిస్తా అనేవాణ్ణి. అప్పట్నుంచీ వారానికోసారి బోనెట్టు ఎత్తి వింటున్నాను, విన్నాక అత్తయ్యకి ఫోన్ చేసి చెబుతున్నాను. "గుండ్రంగా ఉందా?" అని ఒక్కటే అడిగేది. ఆ రోజు పొద్దున కూడా విని, ఫోను తీసి ఆవిడకి చేయబోతుంటే చెల్లెలి ఫోన్ వచ్చింది.

పిల్లలు లేని మనిషి కాబట్టి చేయాల్సినవి నేనే చేశాను. అస్థికలు కృష్ణలో కలపడానికి రేపల్లె మీదుగా పెనుమూడి పోయాం, అదే కారులో. ముందు సీట్లో చెల్లెలు, ఒళ్ళో కలశం. దారి పొడుగునా నేను ముల్లు వైపే చూస్తూ తోలాను.

కలిపేసి ఒడ్డుకి వచ్చాం. కారు స్టార్టు చేశాను, కానీ గేరు వేయబుద్ధి కాలేదు. దిగి బోనెట్టు ఎత్తాను. చెల్లెలు కూడా దిగొచ్చింది. నాకొకసారి వినిపించన్నయ్యా అంది. పప్పుగుత్తి ఇవ్వబోతే, ఉండమని, కొంగు బొడ్లో దోపుకుని, జడ ముడేసుకుని, అప్పుడు చెయ్యి చాపింది. అవి ఎవరు నేర్పారో నేను అడగలేదు. కాడని ఎక్కడ ఆనించాలో చూపించాను. కళ్ళు మూసుకుని చాలాసేపు వింది.

"గుండ్రంగా ఉంది" అంది.

బోనెట్టు దించాను. పప్పుగుత్తి తిరిగి ఇస్తుందేమోనని చూశాను, ఇవ్వలేదు. రేపల్లెలో వాళ్ళింటి ముందు దిగిందాకా, పోయేటప్పుడు కలశం పెట్టుకున్న ఒళ్ళోనే దాన్ని పెట్టుకుని, గ్రీజు మరకల మీద రెండు చేతులూ వేసి కూర్చుంది.