కిరసనాయిలు డబ్బా గరాటు

ముందు పోతున్న బండి వెనక నీలం పొగ కనబడితే చాలు, తప్పు నాదేనన్నట్టు నాకు ఇప్పటికీ అరచేతులు చెమటలు పడతాయి. దానికి కారణం మా పెద్దబాపు కారు.

పెద్దబాపు అంటే మా నాన్నకు అన్న. రాజురాలో వకీలు. చదువంతా ఉర్దూలోనే. నిజాం కాలంలో ఊరు విడిచిపోతున్న ఒక అధికారి దగ్గర రెండు సీట్ల పాత ఇంగ్లీషు స్పోర్ట్స్ కారు కొన్నాడు. నేను సైకిళ్లు, పొలాల్లో నీళ్లు తోడే ఇంజన్లు బాగుచేసేవాణ్ని కాబట్టి ఆ కారుకు డ్రైవర్నీ నేనే, మిస్త్రీనీ నేనే. రాష్ట్రాలను విడదీసి కలిపిన ఆ రోజుల్లో రాజురా హైదరాబాదు నుంచి విడిపోయి, చివరికి చాందా జిల్లాలో పడింది. ఇప్పటి చంద్రపూర్‌ను అప్పుడు చాందా అనేవాళ్లం. కేసులు అక్కడికి మారాయి, కాయితాలు మరాఠీలోకి మారాయి. బస్సులో పోతే కోర్టులో పేరు పిలిచే వేళ దాటిపోయేది. కారులో పోవాలంటే కొత్త రాష్ట్రంలో తనిఖీ చేయించి కొత్త నంబరు తెచ్చుకోవాలి. నంబరు రాకపోతే కారు మూలకే, పెద్దబాపు వకీలు పని కూడా మూలకే. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు, ఎవరమూ పైకి అనలేదు.

సరిగ్గా అప్పుడే ఇంజను ఎత్తు ఎక్కనని మొరాయించడం మొదలుపెట్టింది. చాందాలో ఒక మరాఠీ మిస్త్రీకి చూపించాం. ఆయన కార్బురేటర్ విప్పి, లోపలి దుమ్మును గోటితో గీకి చూపించి, నోట్లో పాను నములుతూనే అన్నాడు: "గాళణీ మోఠీ పాహిజే."

మోఠీ అంటే పెద్దది, పాహిజే అంటే కావాలి. బజారు మరాఠీ మాకూ వచ్చు. ఆ మొదటి మాట దగ్గరే ఆగిపోయి పెద్దబాపు మొహం చూశాను.

"గాలి పెద్దగ కావాలె అంటుండురా. మనం తెలుగోళ్లమని తెలిసి మన మాట కలిపి చెప్తుండు. మంచోడు," అన్నాడు పెద్దబాపు.

నాకు అనుమానం రాకపోలేదు. కానీ ఆయనకు రాని భాష లేదని మా ఇంట్లో అందరి నమ్మకం. ఇంటికొచ్చి కిరసనాయిలు డబ్బా కోసి గరాటు చేశాను. కార్బురేటర్ నోటికి ఉన్న తుప్పు పట్టిన చిన్న జాలీని గాలికి అడ్డమని పీకి పారేశాను. గరాటు సన్నటి కొసను సైకిల్ ట్యూబు ముక్కతో కార్బురేటర్‌కు బిగించి, వెడల్పు నోరును రేడియేటర్ పక్కన ఎదురుగాలికి పెట్టాను. మొదటి రోజు కారు గర్జించింది. నేను కాలర్ ఎగరేశాను. పెద్దబాపు "షాబాష్" అన్నాడు.

నెల తిరగకముందే పొగ మొదలైంది. మొదట సన్నగా, తర్వాత నీలంగా, చిక్కగా. ఇంజను ఆయిల్ తాగుతోంది, లాగుడు తగ్గింది. తనిఖీ రోజు దగ్గర పడేకొద్దీ నాకు అన్నం సహించలేదు. గరాటు నోటికి గుడ్డ కడతానంటే ఆయన కసిరాడు.

"ముక్కు మూస్తే బతుకుతదారా? మిస్త్రీ ఏం చెప్పిండు, నువ్వేం చేస్తున్నవ్?"

తనిఖీ రోజు వార్ధా నది ఇసుక మీద వేసిన దారి దాటి, బల్లార్షా దగ్గర బొగ్గు బండ్ల వెనక పడ్డాం. మేం తిన్న దుమ్మంతా గరాటు కూడా తింటోందని తెలుస్తూనే ఉంది. వెనక్కి తిరిగి పొగ చూడాలంటే భయం, చూడకుండా ఉండాలంటే ఇంకా భయం. పెద్దబాపు మాత్రం నల్లకోటు దులుపుకుంటూ, వచ్చే వారం కేసులో ఏం వాదించాలో చెబుతూ కూర్చున్నాడు.

తనిఖీ అధికారి ఇంజను స్టార్ట్ చేయమన్నాడు. పొగ ఆవరణంతా కమ్మింది. ఆయన దగ్గుతూ బానెట్ ఎత్తి, వంగి చూసి, "గాళణీ కుఠే ఆహే?" అన్నాడు. కుఠే అంటే ఎక్కడ.

పెద్దబాపు ధీమాగా గరాటు చూపించాడు. "యహీ హై సాహెబ్."

అధికారి ఎగతాళి చేయలేదు, అదే నయం. గేటు దగ్గరి చాయ్ బండి నుంచి చాయ్ వడగట్టే జాలీ తెప్పించి, గరాటు నోట్లో పెట్టి, "గాళణీ," అన్నాడు మెల్లగా, చిన్నపిల్లలకు చెప్పినట్టు.

మా ఇంట్లో చాయ్ గుడ్డతో వడగడతారు. మాకు వచ్చింది బజారు మరాఠీ, ఇది వంటింటి మరాఠీ. మిస్త్రీ పెద్ద జాలీ పెట్టమన్నాడు. నేను ఉన్న జాలీ పీకేసి దుమ్ముకు దర్వాజా తెరిచాను. ఆ దుమ్మే ఇంజనును లోపల అరగదీసింది, నీలం పొగ దాని పుణ్యమే.

ఇది ఎవరి పని అని అధికారి హిందీలో అడిగాడు. పెద్దబాపు నల్లకోటు గుండీలు సర్దుకోవడం మొదలుపెట్టాడు. కోర్టులో ఆ నోరు ఆగడం నేనెన్నడూ చూడలేదు. నేనే చేశానని, నేనే తప్పు విన్నానని చెప్పాను.

ఆయన ఎర్ర సిరాతో ఏదో రాసి కాయితం చేతికిచ్చాడు. ఇంజను మొత్తం విప్పి బాగుచేయించి తెమ్మన్నాడు. విప్పితే మళ్లీ బిగించడానికి కావలసిన సామాను ఈ దేశంలో ఎక్కడా దొరకదని నాకు తెలుసు.

బయటికి వచ్చాక పెద్దబాపు కారెక్కలేదు. బానెట్ మీద చెయ్యి వేసి నిలబడ్డాడు.

"నీ మీదెందుకు వేసుకున్నవ్‌రా?"

నిజానికి నాకు ఆయన మీద కోపంగా ఉంది. ఆయన మొహం చూస్తే ఆ కోపం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఆయన ఎర్ర సిరా కాయితాన్ని అటూ ఇటూ తిప్పి చూస్తున్నాడు. నెల రోజులుగా నాలో ఉన్న భయం ఇప్పుడు ఆయన కళ్లలో కనిపించింది.

"మొన్న కోర్పనా ఊరి రైతుకు భూమి కాయితం చదివి చెప్పిన. మరాఠీలనే ఉండె. ఏం భయం లేదు పో అన్న. అది సుత గిట్లనే చదివిన్నో ఏమో."

జేబులోంచి దస్తీ తీసి గరాటు నోటికి తనే కట్టబోయాడు. ముడి జారిపోయింది. నేను పట్టుకుని బిగించాను.

"ఇంటికి వద్దు. సీదా కోర్పనా పోనియ్. ఆ కాయితం మళ్లోసారి చదివించాలె."

"నువ్వు చదువుతవ్ గద పెద్దబాపూ," అన్నాను, ఓదార్చుదామని.

"నేను కాదురా," అన్నాడు పెద్దబాపు. "చదువొచ్చినోళ్లతోని."