గేటు దగ్గర ఎనిమిది నిమిషాలు

మా మరదలికి, అంటే మా తమ్ముడి భార్యకి, కాదనడం చేతకాదు. ఎవరైనా దారి అడిగితే నోటితో చెప్పి ఊరుకోదు, సందు చివరిదాకా వెళ్లి దింపి వస్తుంది. అలాంటి మనిషికి దొరకాల్సిన ఉద్యోగమే దొరికింది నా ఖర్మకి.

కంప్యూటర్లో యుద్ధాల ఆట తయారుచేసే ఆఫీసు అది. రాబోయే ఆటలో ఏమేం కావాలో ఆడేవాళ్లు ఉత్తరాలు రాస్తారు. ఆవిడ అన్నీ చదివి, ఒకే రకం కోరికలు ఒకచోట చేర్చి, పైవాళ్లకు పంపాలి. ఏ రోజు ఉత్తరానికి ఆ రోజే మర్యాదగా జవాబివ్వాలి. "కోరికల గుమస్తా" అని నేను ఏడిపించేదాన్ని.

"అంతగా ఏం అడుగుతారే?" అన్నాను ఒకసారి, బట్టలు మడతపెడుతూ.

"మొదట్లో ట్యాంకులు, విమానాలు అడిగేవాళ్లు వదినా. ఇప్పుడవి ఎవరికీ ఆనడం లేదు. శత్రువుకి తెలివి ఉండాలట. పోయినసారి ఎలా ఓడాడో గుర్తుండాలట. నీళ్లాపేస్తే జనం ఎన్నాళ్లకి లొంగుతారో లెక్క సరిగ్గా తేలాలట."

"వాళ్ల నోరు పడిపోను! నీళ్లాపడం ఆటేమిటే?"

"ఆటే కదా వదినా," అని నవ్వింది పిచ్చిది.

ఆటలో ఊళ్లు అట్టపెట్టెల్లా ఉన్నాయని, నిజం ఊళ్లు కావాలని అందరూ గోల పెట్టారట. మీకు బాగా తెలిసిన చోటు రాసివ్వండని ఆఫీసులో అడిగారు. ఈవిడ మా తమ్ముడు పనిచేసే పంపుహౌస్ రాసిచ్చింది. ఊరంతా తాగే నీళ్లు వాడి చేతిమీదుగానే వస్తాయి. పెళ్లయిన కొత్తలో రెండేళ్లు రోజూ వాడికి క్యారియర్ పట్టుకెళ్లింది కనక మూలమూలా తెలుసు. రెండింటికి డ్యూటీ మారేటప్పుడు పాత వాచ్‌మన్ సంతకానికి లోపలికెళ్తాడు, కొత్తవాడు యూనిఫాం వేసుకుంటుంటాడు. ఎనిమిది నిమిషాలు గేటు దగ్గర నరపురుగు ఉండదు. అదీ రాసింది. ఊరి పేరు మాత్రం మార్చింది, మహా తెలివి!

ఆడేవాళ్లకు ఆ చోటు తెగ నచ్చింది. ఆఫీసులో చప్పట్లు కొట్టారు. ఆ తర్వాత గుడ్లగూబ అని పేరు పెట్టుకున్న ఒకడు రాయడం మొదలుపెట్టాడు. ఏ పంపు ఆపితే ఎన్ని వీధులు ఎండుతాయో చూపించమన్నాడు. మంచి కోరికే అని పైకి పంపింది. వారం తర్వాత, ఆటలో పంపుహౌస్ వెనక గోడ తీసేయండి, అక్కడిప్పుడు గోడే లేదు అని రాశాడు.

"నిజమే వదినా, పోయిన వానలకి కూలిందిగా. నేనే మరిచిపోయా. ఎంత శ్రద్ధో చూడు!"

మడతపెడుతున్న చీర పక్కన పడేశాను. "ఒసేయ్, ఊరి పేరు మార్చావు కదా, ఆ గోడ కూలిందని వాడికెలా తెలిసిందే?"

దాని మొహంలో నెత్తురు చుక్క లేదు. "ఆ ఎనిమిది నిమిషాలు నిజమా, ఆట కోసం పెట్టారా అని కూడా అడిగాడు వదినా. నిజమే, నా కళ్లతో చూశానని నిన్ననే జవాబిచ్చా."

ఆ సాయంత్రమే తమ్ముడికి చెప్పాం. వాడు పడీ పడీ నవ్వాడు. "ఆటల పిచ్చోడికి భయపడి డ్యూటీ మానేయమంటావా అక్కా?" అన్నాడు. వాడి చెంప పగలగొట్టి ఇంట్లో కూర్చోబెట్టాల్సింది. నేనూ నవ్వాను.

నాలుగో రోజు మధ్యాహ్నం గిన్నెలు తోముతుంటే మరదలు ఆఫీసు నుంచి ఫోన్ చేసింది. ఏడుపుతో మాట తెగిపోతోంది.

"వాడు మళ్లీ రాశాడు వదినా. ఎనిమిది కాదట, తొమ్మిదట. గేటు దగ్గర నిలబడి చూశాడట. ఇంక కోరికలేమీ లేవు, థ్యాంక్స్ అన్నాడు. ఈయన ఫోన్ ఎత్తడం లేదు, నువ్వు చెయ్యి!"

గోడ గడియారం చూశాను. రెండూ అయిదు. తడిచేతులతోనే తమ్ముడికి ఫోన్ కలిపాను. అటు మోగుతూనే ఉంది. నా వెనక కుళాయి ధార సన్నబడి, రెండు చుక్కలు రాల్చి, ఆగిపోయింది.