ఎర్ర చుక్క పడ్డ వరసలు

ఆ రోజుల్లో, అంటే పటాన్‌చెరులో ఒక ఫ్యాక్టరీలో ట్రైనీగా చేరి ఇస్నాపూర్‌లో కిరాయి గదిలో ఉన్న రోజుల్లో, గీత గీస్తే తేలని చిక్కు లోకంలో లేదని నా గట్టి నమ్మకం. పాడైన సరుకును మెషీన్ల వారీగా ఒక చెట్టులా, లోపాల వారీగా ఇంకో చెట్టులా ఎదురెదురుగా గీసి, రెండింట్లోనూ ఉన్నవాటిని గీతలతో కలిపేవాణ్ణి. లెక్క పొసగని చోట ఎర్ర చుక్క. అంటే ఆ సరుకు ఇక పారేయడమే, మా సారు మాట అది. ఆయన ఒకసారి నా గీతలు చూసి భుజం తట్టాడు కూడా. (ఆ తట్టుడే కొంప ముంచింది.)

అప్పుడే ప్యాకింగ్ సెక్షన్‌లో పనిచేసే అమ్మాయి మీద మనసు పడింది. ఆమెదీ మా కొండాపూర్ వైపే, పైగా దూరపు చుట్టం. అమ్మ వైపు నుంచి లెక్కేస్తే ఆమె తండ్రి నాకు మేనమామ వరస, కాబట్టి పిల్ల మరదలు. నాయన వైపు నుంచి లెక్కేస్తే అదే మనిషి చిన్నాయన, పిల్ల చెల్లెలు. "చెల్లె వరస పిల్లను చేస్కుంటవారా?" అని నాయనమ్మ ఒక్క మాటతో కొట్టిపారేసింది. ఆమె కాదన్నాక మా ఇంట్లో ఎవరూ అవుననరు.

నేను ఊరుకుంటానా? పెద్ద చార్టు మీద ఎడమన నాయన వైపు వాళ్లను, కుడివైపు అమ్మ వైపు వాళ్లను తరాల వారీగా దించి, వరస తేడా వచ్చిన జంటలకల్లా ఉత్సాహంగా ఎర్ర చుక్కలు పెట్టుకుంటూ పోయాను. ఆదివారం దాన్ని ఊరికి పట్టుకెళ్లి నట్టింట్లో పరిచి, వరస తప్పేది మేమిద్దరమే కాదని కర్రతో చూపిస్తూ ఉపన్యాసం మొదలుపెట్టాను.

"గీ పైనున్న చుక్క ఎవరిదిరా?" అంది నాయనమ్మ.

వంగి చూశాను. ఒక పేరు తాతది, రెండోది ఆమెదే. కుడివైపు చెట్టు ప్రకారం తాత ఆమెకు అన్న వరస. చేతిలో కర్ర పక్కన పెట్టేశాను. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వంటింట్లోకి పోయింది.

"నాకెరుక లేదా?" అంది నాయనమ్మ తాపీగా, ఎడమవైపు చెట్టు మీద వేలు పెట్టి. "గప్పుడు మా నాయన గిట్లనే అడ్డం పడ్డడు. ఇటుదిక్కు సంది లెక్కెయ్యమని మా మేనత్తతోని నేనే చెప్పించిన. పిల్ల మంచిదేనా?"

"మంచిదే నాయనమ్మా."

"అయితే ఇగ మీ అమ్మ దిక్కు సంది లెక్కెయ్యి. గా కాయితం జల్దీ చుట్టు, మీ తాత చూస్తే పరేషాన్ అయితడు."

ఆ అమ్మాయే ఇప్పుడు మా ఆవిడ. నాయనమ్మ లేదు, చార్టు మాత్రం అటక మీద ఉంది. మొన్న మా పాప దాన్ని కిందికి దించి విప్పితే, నాయనమ్మకే వరసలు నేర్పబోయిన ఆ పిల్లగాడు గుర్తొచ్చి నవ్వొచ్చింది, కాస్త కళ్లూ తడిశాయి. నాయనమ్మ జంట మీదా మా జంట మీదా పడ్డ ఆ రెండు ఎర్ర చుక్కలను సారు చెప్పినట్టే పారేసి ఉంటే నేనూ లేను, దాన్ని విప్పి చూడటానికి మా పాపా లేదు.