తిన్నె మీద కుర్చీ

మేడం పోయారని ఫోన్ వచ్చింది. వంటింటి గడప మీదే కూలబడి ఏడ్చాను. "ఇంగొక గైడ్‌ని ఇస్తార్లే, నీ పీహెచ్‌డీకి ఏమీ కాదు, లెయ్" అంది అమ్మ. నాన్న టీవీ సౌండు తగ్గించి, "ఆమె కోసరమని చర్చిలెంబడి తిరగబాకు" అన్నాడు. నా ఏడుపు డిగ్రీ కోసమూ కాదు, దేవుడి కోసమూ కాదు. ఇన్నేళ్లు ఒకే ఇంట్లో ఉన్నా వీళ్లకు ఆ సంగతి తట్టలేదు.

మేడం కేజీఎఫ్‌లో గని కార్మికుల ఇంట పుట్టి, కాలేజీలో పొలిటికల్ సైన్సు చెప్పేవారు. యుద్ధాలు చేసుకున్న రెండు దేశాలు ఏళ్లు గడిచేకొద్దీ ఒకదాన్నొకటి ఎంతవరకు గుర్తిస్తున్నాయో కొలవడం నా పరిశోధన. నేను ఒప్పందాలన్నీ పోగేసుకుని వెళితే, ఆమె కళ్లద్దాలు తలమీదికి తోసి, "సంతకాలు ఎవురైనా పెడతారమ్మా. ఎవర్ని పంపినారు, వచ్చినోళ్లను యాడ కూర్చోబెట్టినారు, అది చూడు" అనేవారు. ఏ దేశమైనా రాయబారిని వెనక్కి పిలిపించుకుందని వార్త వస్తే, బోర్డు మీద సంబంధాల స్థాయిలంటూ నిచ్చెన గీసి, పై మెట్టును అరచేత్తో చెరిపేసేవారు. రోజంతా ఆ చెయ్యి తెల్లగానే ఉండేది.

మా బైరకూరుకు ఆమె మొదటిసారి మామిడికాయల కాలంలో వచ్చారు. నాన్న ఆమె కులం ముందే విచారించి పెట్టుకున్నాడు. ఆమెకు కుర్చీ నడింట్లో కాక బయట వీధి తిన్నె మీద వేశారు. మాకందరికీ స్టీలు లోటాల్లో కాఫీ, ఆమెకు పేపర్ గ్లాసు. నేను తల ఎత్తలేకపోయాను. "కాఫీ బలే ఉండాదమ్మా" అని అమ్మను మెచ్చుకున్నారు మేడం. బస్టాపు దారిలో నా మొహం చూసి, "ఏమ్మా, సంబంధాలు ఉండాయి. రాయబారి స్థాయిలో లేవు, అంతే" అని పకపకా నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

మళ్లీ వస్తున్నారని తెలిసి అమ్మ ముళబాగిలు నుంచి పూల బొమ్మలున్న మందపాటి పేపర్ గ్లాసులు తెప్పించింది. "మీ మేడంకని మంచివే తెప్పించినాను" అంది సంబరంగా. అమ్మ లెక్కలో అది నిజంగా మర్యాదే. ఆ సంబరం తలచుకుంటేనే ఇప్పటికీ సిగ్గుతో ఒళ్లు ముడుచుకుపోతుంది. కుర్చీ మాత్రం తిన్నె దాటలేదు. మేడం గ్లాసు తిప్పి పూలు చూసి, "ఒక మెట్టు ఎక్కినాము" అన్నారు మెల్లగా.

సమాధుల తోటకు నాన్నే బండి మీద తీసుకెళ్లాడు. తాను గేటు బయటే ఆగిపోయాడు. అంతా అయ్యాక మేడం చెల్లెలు ఆయన్ను చూసి, స్టీలు చెంబుతో నీళ్లు తెచ్చింది.

"లోపలికి రాప్పా, ఎండలో నిలబడినావు."

"దప్పి లేదమ్మా" అన్నాడు నాన్న, ఎండిన పెదాలు తడుపుకుంటూ.

చెంబు ఆమె చేతిలోనే ఉండిపోయింది. నేను తీసుకుని తాగాను. ఆమె కళ్లలోకి మాత్రం చూడలేకపోయాను.

పూల గ్లాసుల ప్యాకెట్ ఇంకా మా అటక మీద ఉంది. ఈ ఉదయం అందులోంచి ఒకటి తీసుకుని, తిన్నె మీద కుర్చీ వేసుకుని, కాఫీ పోయమన్నాను.

"పిచ్చి పట్టిందా? వీధిలో చూస్తారు, లోపలికి రా" అంది అమ్మ.

మేడం చెల్లెలు మా నడింట్లో కూర్చుని స్టీలు లోటాలో కాఫీ తాగేదాకా, నా తిండీ నా కాఫీ బయటే.