మా బావ కొట్టిన దిష్టి గుమ్మడికాయ

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఉండేది కాదు. ఇరవై మూడేళ్ల వయసుకి అదొక జబ్బు. మధురవాడలో కొత్తగా చేరిన ఆఫీసులో పని తక్కువ, వైఫై ఎక్కువ కావడంతో విదేశాల్లో జరిగే సైకిల్ రేసులన్నీ ఫోన్లో చూసేసి పండితుణ్ణయిపోయాను. (సొంత సైకిల్ని ఇంటర్లోనే అమ్మేశాను, అది వేరే సంగతి.) నిజం చెప్పొద్దూ, నేను చూసేది రేసులు కాదు, అందులో పడిపోవడాలు. ముందున్నవాడు కాస్త తూలితే చాలు, వెనకాల పాతికమంది ఒకరి మీద ఒకరు కూలిపోయేవారు. "అయ్యయ్యో" అంటూనే మళ్లీ వెనక్కి తిప్పి చూసేవాణ్ణి.

సరిగ్గా అప్పుడే మన బీచ్ రోడ్డు మీద, జీతం తీసుకుని తొక్కే అసలు సిసలు రేసుగాళ్లతో పోటీ పెట్టారు. ఒకే దారిలో చుట్లు చుట్లుగా తిరగాలి. వాళ్ల వెనకాల స్పేర్ చక్రాలు మోసుకెళ్లడానికి మోటార్ సైకిళ్లు కావాలన్నారు. ఆటోనగర్లో మెకానిక్ షెడ్డున్న మా బావ (మా అక్క మొగుడు) బండి నడపడానికీ, నేను వెనక కూర్చుని చక్రాలు పట్టుకోవడానికీ కుదిరాం. ఎవరి చక్రం పోయినా క్షణాల్లో కొత్తది అందించడం నా డ్యూటీ. ముందురోజు బావని కూర్చోబెట్టి ఆ పడిపోయే వీడియోలన్నీ చూపించాను. "ఆ టైర్లు చూడు బావా, బొటనవేలంత ఉంటాయి. కాసింత ఇసక చాలు, ఎముకలు పిండే" అని ఉపన్యాసం కూడా ఇచ్చాను. బావ మొహం పాలిపోయింది. "ఏటిరా బామ్మర్దీ, ఒకడు పడితే అందరూ పడిపోతారేటి? ఆల్లకీ పెళ్లాం పిల్లలూ ఉంటారు గదరా!" అన్నాడు.

పొద్దున్న బావ ఒక సంచితో దిగాడు. లోపల బూడిద గుమ్మడికాయ, కర్పూరం. "ఎవుడికీ ఏటీ అవకూడదురా" అంటూ, మేం బండి నిలబెట్టుకున్న మలుపులోనే కర్పూరం వెలిగించి, బండికీ చక్రాలకీ మూడుసార్లు తిప్పి, రోడ్డు మీద ఫెడీమని కొట్టాడు. కొత్త లారీ కదిలినా, కొత్త కొట్టు తెరిచినా మా ఊళ్లో జరిగే పనే కనక ఎవరూ వింతగా చూడలేదు. పెద్ద ముక్కల్ని కాలితో పక్కకి నెట్టేశాడు. నేను ఫొటో తీశాను. ఇసక గురించి ఉపన్యాసమిచ్చిన ఈ మహానుభావుడికి రోడ్డు మీద మిగిలిన గుజ్జూ గింజలూ కంటికి ఆనలేదు.

మొదటి చుట్టు మెల్లగా తిప్పారు. రెండో చుట్టుకి అందరూ గాలిలా లేచారు. వాళ్ల వెనకాలే మేం. ఆ మలుపు రాగానే ముందు చక్రమొకటి సర్రున జారింది. తర్వాత వినబడిన చప్పుడు ఏ ఫోన్లోనూ వినలేదు. ఇనుమూ ఒళ్లూ కలిసి రోడ్డుకి రాసుకుపోయే చప్పుడది. ఏడెనిమిది మంది పడ్డారు. నా కాళ్ల దగ్గరే ఆకుపచ్చ జెర్సీ వేసుకున్నాయన, మోచెయ్యి నిండా రక్తం, జెర్సీకి గుమ్మడి గింజలు. "వీల్! వీల్!" అని అరుస్తున్నాడు. నేనేం చేశానంటే, చక్రం కింద పడేసి ఆయన్ని కావలించుకుని భోరుమన్నాను. విదిలించుకుంటే ఇంకా గట్టిగా పట్టుకున్నాను. చివరికి బావే వచ్చి నన్ను లాగిపడేసి, చక్రం బిగించి, ఆయన్ని ముందుకు తోశాడు. "ఏటి సేత్తన్నావ్‌రా, ఆడు రేసుకొచ్చాడా, నీ పెళ్లికొచ్చాడా?" అన్నాడు. ఆయన ఆ చేత్తోనే చివరిదాకా తొక్కాడు.

రేసయ్యాక తెలిసింది, ఆయన భుజం ఎముక విరిగిందనీ, ఈ ఏడాదికి ఇంక రేసులు లేవనీ. జరిగింది చెప్పేయాలని డాక్టర్ల గుడారంలోకి వెళ్లాను. చేతికి కట్టుతో కుర్చీలో కూర్చున్నాడు. నన్ను చూసి రెండో చెయ్యి చాచి, నా చెయ్యి పట్టుకున్నాడు. "ఇన్నేళ్లలో ఎన్నోసార్లు పడ్డాను. నా కోసం ఏడ్చినవాణ్ణి నిన్నే చూశాను తమ్ముడూ" అని హిందీలో అన్నాడు. అని, పట్టుకున్న చెయ్యి వదలకుండా నా మొహంలోకే చూశాడు. నేను నేలచూపులు చూసి, "జాగ్రత్త అన్నా" అని బయటపడ్డాను.

బయట బావ నిలబడి ఉన్నాడు. "సెప్పీసావేట్రా?"

తల అడ్డంగా ఊపాను.

"పోన్లే. నువ్వు లోపలికెల్లక ముందే నాను ఎల్లి సెప్పీసాను. గుమ్మడికాయ మేవే కొట్టాం, నానూ మా బామ్మర్దీ అని."

"ఏమన్నాడు బావా?"

"నీ బామ్మర్దిని ఓసారి పంపించు అన్నాడు."

వెనక్కి పరిగెత్తాను. అప్పటికే ఆయన్ని ఆసుపత్రికి తీసుకెళ్లిపోయారు. ఖాళీ కుర్చీ ముందు నిలబడి, గుమ్మడికాయ సంగతంతా మొదటి నుంచీ చివరిదాకా హిందీలో చెప్పాను. దూది సర్దుకుంటున్న నర్సమ్మ నన్ను ఎగాదిగా చూసి, "నీకూ తలకి తగిలిందా బాబూ?" అంది. ఇప్పుడు ఆ ఇరవై మూడేళ్ల నన్ను తలుచుకుంటే నవ్వొస్తుంది. నవ్వయ్యాక, ఆ కుర్చీలో మనిషి ఉన్నప్పుడే నోరు పెగిలుంటే ఎంత బాగుండేదో అనిపిస్తుంది.