తువ్వాల కింద గుప్పిట

ఇరవై మూడేళ్ల వయసులో మనిషికి ఎంత తెలుసో, ఆ తర్వాత ఎంత చదివినా అంత తెలియదు. నా సంగతే చూడండి. అప్పట్లో నేను సిద్దిపేట బస్టాండు దగ్గర ఒక జిరాక్సు షాపులో పని చేసేవాణ్ని. ఆధార్ కార్డుకు రెండు వైపులా కాపీలు తీయడం, పట్టా పాసుబుక్కులకు ప్లాస్టిక్ కవర్లు వేయడం, కరెంటు పోతే బయట నిలబడి మిషన్‌ను తిట్టడం, ఇదీ ఉద్యోగం. మధ్యలో ఖాళీ దొరికితే ఫోనులో షేర్ల పాఠాలు వినేవాణ్ని. ఆరు నెలలు తిరిగేసరికి ఈ దేశంలో పెద్ద పెద్ద ఫండ్ల వాళ్లు ఏ ధర దగ్గర కొంటున్నారో, ఎందుకు కొంటున్నారో, కొన్నాక మనసులో ఏమనుకుంటున్నారో కూడా నాకు తెలిసిపోయేది. (మా షాపు ఓనరు నాకు జీతం ఏ తారీఖున ఇస్తాడో మాత్రం చివరిదాకా అంతుపట్టలేదు.)

ఆ విద్యకు దాని మాటలు దానికున్నాయి. పెద్దవాళ్లు గుట్టుగా సరుకు పోగుచేసుకున్న ధర చోటును ఆర్డర్ బ్లాక్ అంటారు. ధర మళ్లీ అక్కడికి వచ్చిందంటే పెద్దవాళ్లు మళ్లీ కొంటారు, పైకి లేస్తుంది, మనమూ వెనకాలే ఎక్కెయ్యాలి. చిన్నవాళ్లు భయంతో "ఇంతకన్నా తగ్గితే నావి అమ్మెయ్" అని ముందే రాసిపెట్టుకునేది స్టాప్ లాస్. అట్లాంటి స్టాపులన్నీ గుంపుగా ఒకచోట పేరుకుంటే అది లిక్విడిటీ. పెద్దవాళ్లు ధరను కావాలనే కాస్త కిందికి తొక్కి, ఆ చిన్నవాళ్ల సరుకు చవగ్గా ఊడ్చుకుని, అప్పుడు పైకి తీసుకుపోతారట. ఈ మాటలు నేను పడుకున్నప్పుడూ లేచినప్పుడూ వల్లించేవాణ్ని. ఫోను స్క్రీను మీద రంగు రంగుల డబ్బాలు గీసి, మా షాపుకొచ్చిన ముసలమ్మలకు కూడా చూపించేవాణ్ని. వాళ్లు ఓపికగా చూసి, "నా పింఛను కాయితం అయిందా బిడ్డా?" అని అడిగేవాళ్లు.

మాది చింతమడక దారిలో ఒక ఊరు. మా నాన్న, బాపు, నా చిన్నప్పుడే పోయాడు. మా అమ్మను నేను అవ్వ అంటాను; అవ్వే ఒక బర్రెతో నన్ను పెంచింది. పొద్దున్నే పాలు పిండి, పాల కేంద్రంలో పోసి, మిగిలినవి రోజూ తీసుకునే నాలుగు వాడిక ఇళ్లకు ఇచ్చి, అందులోంచే రూపాయి రూపాయి దాచి, రెండో బర్రె కొనాలని మూడేళ్లు కూడబెట్టింది. డెబ్బై వేలు. పాత బర్రె వట్టిపోతోంది, ఇంకొకటి రాకపోతే వాడికలు వేరేవాళ్లకు పోతాయి, వాడికలు పోతే పొయ్యి మీదికి వచ్చేది నా జిరాక్సు జీతమే. ఆ డెబ్బై వేలను అవ్వ తన చేత్తో నా ఖాతాలో వేయించింది. "నీ తాననే ఉంచు కొడుకా. అంగట్ల నోట్ల కట్ట పట్టుకొని తిరుగుడు బాగుండదు. మామ బేరం జేస్తడు, నువ్వు ఫోన్ల కొట్టు," అంది.

మామ అంటే అవ్వకు తమ్ముడు. పశువుల అంగడి మొత్తం ఆయన్ని తువ్వాల మామ అనేది. పశువుల బేరాల్లో ఆయన తర్వాతే ఎవరైనా. మా దగ్గర పశువు ధర నోటితో చెప్పరు. అమ్మేవాడూ కొనేవాడూ చేతులు కలిపి, పైన తువ్వాల కప్పుతారు. కింద వేళ్లతో మాట్లాడుకుంటారు. పదివేల లెక్క ముందే తేల్చుకుంటారు. ఇక ఒక వేలు పట్టుకుంటే వెయ్యి ఎక్కింది, గుప్పిట మొత్తం పట్టుకుంటే ఐదు వేలు ఎక్కింది. పట్టు మీద పట్టు కలుస్తూ పోతుంది. చుట్టూ పాతికమంది నిలబడ్డా ధర ఆ ఇద్దరికే తెలుస్తుంది. తువ్వాల తీసి అరచేతిలో చెయ్యి కొడితే ఖాయం. ఆ తర్వాత వెనక్కి పోయినవాడికి ఆ అంగట్లో మళ్లీ ఎవడూ చెయ్యి ఇవ్వడు.

అంగడి రోజు పొద్దున మామను బండి వెనక కూర్చోబెట్టుకుని, దారి పొడుగునా నా విద్య బోధించాను. పెద్దవాళ్లు ఒక్కసారే కొనరనీ, కొద్దికొద్దిగా, ఎవరికీ కనపడకుండా కొంటారనీ చెప్పాను.

"గిండ్ల కొత్తేమున్నదిరా అల్లుడా?" అన్నాడు మామ. "పది బర్లు గావాల్నంటే నేనొక్కన్నే పోయి పది అడుగుతనా? ధర గుర్రమెక్కదూ? ఇద్దర్ని గటు పంపుత, ఇద్దర్ని గిటు పంపుత, నేను చాయ్ తాక్కుంట నాకేం అక్కర లేనట్టు కూసుంట."

"గట్ల కాదు మామా. నీకు సమజ్ కాదు," అన్నాను. (దేవుడా, ఆ మాట ఎంత ధీమాగా అన్నానో!)

ఇప్పుడు అసలు పాపం చెప్పాలి. తొమ్మిదింబావుకు షేర్ల బజారు తెరుస్తారు. మేం తొమ్మిదికే అంగడి చేరాం. మామ బర్రెల పళ్లు చూస్తూ, పొదుగులు తడుముతూ తిరుగుతున్నాడు. ఆయనకు కనీసం గంటన్నర పడుతుంది. ఇక్కడ నా ఫోనులో ఒక ఇనుము కంపెనీ షేరు సరిగ్గా నేను గీసిన ఆర్డర్ బ్లాక్ మీదికి వచ్చి కూర్చుంది. వంద రూపాయల దగ్గర. ఒక్క గంట, మూడు నాలుగు వేలు వస్తే అవ్వకు పెద్ద పాలక్యాను కొనివ్వొచ్చు. నాకు కూడా ఊళ్లో కాస్త పేరు వస్తుంది. (ఏది ముందు అనుకున్నానో ఇప్పుడు అడక్కండి.) డెబ్బై వేలూ యాప్‌లోకి పంపించాను. అదే రోజు కొని అదే రోజు అమ్మే బేరానికి వాళ్లు ఐదింతల సరుకు కొననిస్తారు. మూడున్నర వేల షేర్లు కొన్నాను. రూపాయి పెరిగితే మూడున్నర వేలు వస్తాయి. రూపాయి తగ్గితే ఏమవుతుందో కూడా తెలుసు కాబట్టి, పాఠంలో చెప్పినట్టే తొంభై తొమ్మిది దగ్గర స్టాప్ లాస్ పెట్టాను.

పది దాటాక మామకు బర్రె నచ్చింది. వర్గల్ వైపు నుంచి తోలుకొచ్చిన తెల్ల మీసాల తాతది. నల్లగా నిగనిగలాడుతోంది, రెండో ఈత, నెమ్మదైన కళ్లు. నాకే ముద్దొచ్చింది. అయితే మామ కుడిచేతికి కట్టు ఉంది. రెండు రోజుల కింద గడ్డి కోస్తుంటే కొడవలి కోసుకుంది. నన్ను పక్కకు లాగాడు.

"ఇయ్యాల చెయ్యి నీది, బేరం నాది. నీ ఎన్కనే నిలవడ్త. ఈపు మీద ఎన్నిసార్లు తడ్తె గన్ని ఏళ్లు పట్టు. ఎక్కువ పట్టకు, తక్కువ పట్టకు. మొఖం మాత్రం రాయి లెక్క వెట్టు."

నా కుడిచెయ్యి తాత చేతిలోకి పోయింది. మీద తువ్వాల పడింది. ఎడమచేతిలో ఫోను. అరవై వేలు ముందే తేలింది. మామ నా వీపు మీద రెండుసార్లు తట్టాడు, రెండు వేళ్లు పట్టాను. తాత మీసం కదలలేదు. ఫోను చూశాను. తొంభై తొమ్మిది ఇరవై. నా స్టాపుకు ఇరవై పైసల దూరం. అప్పుడు నా చదువంతా ఒక్కసారి తలకెక్కింది. ఓహో, పెద్దవాళ్లు వస్తున్నారు, నాలాంటి వాళ్ల స్టాపులు ఊడ్చుకుపోవడానికి! నేను అంత వెర్రివాణ్నా? వేలాది మంది చిన్నవాళ్లు పడే ఉచ్చులో నేనూ పడతానా? బొటనవేలితో నా స్టాప్ లాస్ తీసేశాను. చేనుకు కంచె ఉంటే పశువులకు తెలిసిపోతుందని కంచె పీకేసిన రైతు ఎవరైనా ఉన్నాడా? ఆ రోజు నేనున్నాను.

"తాతా, నీ బర్రెకు ముసలితనం వచ్చింది. మేం ఇంకోటి చూస్కుంటం," అన్నాడు మామ, ఆవులిస్తూ.

"చూస్కో బిడ్డా, బజారు పెద్దగున్నది," అన్నాడు తాత. నా చెయ్యి మాత్రం వదల్లేదు.

తొంభై తొమ్మిది పగిలింది. తొంభై ఎనిమిదిన్నర. ఇప్పుడు తిరుగుతుంది, ఇదే ఆఖరి తొక్కుడు అనుకున్నాను. తొంభై ఎనిమిది. ఏడు వేలు పోయాయి. వీపు మీద చెమట కారి చొక్కా అంటుకుపోయింది. మామ ఒకసారి తట్టాడు. ఒక వేలు పట్టాను. అరవై మూడు. తాత కళ్లు మెత్తబడ్డాయి, ఇంకొక్క నిమిషం ఆగితే ఒప్పుకునేవాడే. అదే నిమిషంలో ఫోనులో ఎర్రటి గీత ఒకటి బావిలో బొక్కెన జారినట్టు జారింది. తొంభై ఏడు. తొంభై ఆరున్నర. అవ్వ కళ్లముందు మెదిలింది. ఎడమ బొటనవేలు "అమ్ము" మీద పడింది. కుడిచెయ్యి దానంతటదే, మునిగిపోయేవాడు గట్టును పట్టుకున్నట్టు, తాత గుప్పిటను మొత్తంగా, ఎముకలు నొప్పి పుట్టేలా పట్టేసుకుంది.

తాత తువ్వాల లాగేసి, నా అరచేతిలో ఫటేలున కొట్టాడు. "ఖాయం! అరవై ఎనిమిది!"

చుట్టూ ఉన్నవాళ్లు తలలు ఊపారు. మామ మొహం రాయిలా పెట్టమన్నాడు కదా, ఆయనదే రాయి అయిపోయింది. "ఎంత వట్టినవ్ రా?" అన్నాడు చెవిలో.

"గుప్పిట."

"గుప్పిటనా! నేనెక్కడ తట్టిన్రా ఐదుసార్లు? నీ ఈపుకేమైనా పురుగు వట్టిందా?" అని, వెంటనే తాత వైపు తిరిగి నవ్వాడు. ఖాయం అయిన మాట వెనక్కి తీసుకునే మనిషి కాదు. "సరే, కొట్టు ఫోన్ల."

నా ఫోనులో యాభై ఏడున్నర వేలు మిగిలాయి. అవి కూడా యాప్ లోపల. బయటికి తీద్దామని నొక్కితే, రేపు మీ బ్యాంకులో పడతాయని మర్యాదగా చెప్పింది. ఆరు నెలల పాఠాల్లో పెద్దవాళ్ల మనసులో ఏముందో చెప్పిన ఏ గురువూ ఈ ఒక్క ముక్క చెప్పలేదు. బ్యాంకు ఖాతాలో మూడొందల పన్నెండు రూపాయలున్నాయి. బర్రె నావైపే చూస్తోంది. మామ చెయ్యి పట్టుకుని చాయ్ బండి పక్కకు లాక్కుపోయి, ఉన్నది ఉన్నట్టు చెప్పేసి, సిగ్గులేకుండా ఏడ్చాను.

మామ తిట్టలేదు. అదే నన్ను ఎక్కువ భయపెట్టింది. నా చేతిలో చాయ్ గ్లాసు పెట్టి, "ఒక్క మాట అడుగుత చెప్పు," అన్నాడు. "పెద్దోళ్లు చిన్నోళ్ల పైసలు గుంజనీకె ధర తొక్కుతరని పొద్దున నువ్వే జెప్పినవ్. గది ఎర్కుండి గక్కడికే ఎట్ల పోయినవ్ రా?"

మామ చూపు తప్పించుకోవడానికి ఫోను తీశాను. అప్పుడు చూసి ఉండాల్సింది కాదు. నేను అమ్మిన పావుగంటకు షేరు మళ్లీ వంద దగ్గరికి వచ్చి, హాయిగా కూర్చుంది.

మామ ఇప్పుడే ఒంటికి పోయొస్తానని పశువులు దించిన ఒక డీసీఎం లారీ వెనక్కి వెళ్లి, చాలాసేపు రాలేదు. వచ్చాక తాతతో మాట్లాడాడు. తాతకు సిద్దిపేటలో కూతురి ఇల్లు ఉంది, బర్రెను అక్కడ కట్టేసి రేపు పొద్దటిదాకా ఆగుతానన్నాడు. "మీ మామ మాట మీద ఆగుతున్న, నీ గుప్పిట మీద గాదు," అని నా వేళ్ల గుర్తులు పడ్డ తన చెయ్యి చూపించి నవ్వాడు. మర్నాడు నా ఖాతాలో యాభై ఏడున్నర పడ్డాయి. మిగతా పది వేల ఐదు వందలు మామ రుమాలులో కట్టుకొచ్చాడు. "అవ్వకు చెప్పకు మామా," అని కాళ్లు పట్టుకున్నంత పని చేశాను. "నేనెందుకు చెప్తరా," అన్నాడు. బర్రె ఇంటికొచ్చింది. అవ్వ దానికి పసుపు కుంకుమ పెట్టి, కుడితి తాగించి, "మంచి బర్రె దెచ్చిన్రు," అంది. నా మొహం వైపు మాత్రం చూడలేదు. నా అదృష్టం అనుకున్నాను.

మామ అప్పు నెలకు ఐదు వందల చొప్పున తీర్చాను. ఇరవై ఒక్క నెలలు, ఒక్క నెల తప్పలేదు. అందుకు లోపల చాలా గర్వపడేవాణ్ని. అవ్వ కూడా ఆ రోజుల్లో చేతికి కాస్త ఎముక లేకుండా ఉండేది, నెలలో ఒకసారి "పెట్రోలుకు ఉంచుకో కొడుకా" అని ఐదు వందల నోటు జేబులో పెట్టేది. ఒక్క విషయంలోనే పిసినారి అయింది. వానాకాలానికి ముందు బర్రెల కొట్టం మీద కొత్త రేకులు వేయిస్తానన్నది కాస్తా, "వచ్చేయేడు సూద్దాం తియ్" అని పాత ప్లాస్టిక్ పట్టా కప్పింది. బర్రెలు తడుస్తుంటే నేను అవ్వ మీద కేకలు కూడా వేశాను. పైసలు దాచుకుని ఏం చేసుకుంటావని అడిగాను. అవ్వ పట్టా అంచున ఇంకో రాయి పెట్టింది.

ఆఖరి ఐదు వందలు ఇచ్చిన రోజు అదే చాయ్ బండి దగ్గర మామ నోటును అటూ ఇటూ తిప్పి చూసి నవ్వాడు. "పిచ్చోడా, ఆ రోజు నా తాన పదివేలెక్కడియిరా? డీసీఎం ఎన్కకు పోయి మీ అవ్వకే ఫోన్ జేసిన. రేకుల పైసలు తీసిచ్చింది. వానికి జెప్పకు తమ్మీ, మొఖం ఎత్తలేడు, అన్నది. నువ్విచ్చినయి నెలనెలా అక్క చేతులనే వెడ్తున్న."

నేను చాయ్ గ్లాసు కింద పెట్టేశాను. నేను మామకు ఇచ్చిన నోటు అవ్వ దగ్గరికి పోయి, పెట్రోలు పేరుతో నా జేబులోకే వచ్చి, మళ్లీ నెల నేను గొప్పగా మామకు ఇచ్చేవాణ్ని. ఇరవై ఒక్క నెలలు ఒకే ఐదు వందలు మా ముగ్గురి మధ్యా తిరిగాయి. అప్పు తీరనే లేదు. పెద్ద సొమ్ము ఎవరికీ కనపడకుండా కదులుతుందని ఆరు నెలలు నేర్చుకున్నాను. మా ఇంట్లోంచి కదిలినప్పుడు నాకు కనపడలేదు.

ఆ ఏడాదే కొట్టానికి నా జీతంతో రేకులు వేయించాను. అవ్వ పైకి చూసి, "మంచిగున్నయ్," అంది, అంతే. ఇద్దరం ఆ మాట ఎత్తలేదు, ఇప్పటికీ ఎత్తం. మామ చెయ్యి ఎప్పుడో మానింది, అయినా చూపు తగ్గిందని అంగడి బేరాలు నాకే వదిలేశాడు. ఊళ్లో ఎవరికి పశువు కావాలన్నా నన్నే పిలుస్తున్నారు. నా గుప్పిట ఇప్పుడు నా మాట వింటుంది. కానీ అంగడి రోజు పొద్దున నేను తువ్వాల భుజాన వేసుకుని బండి తాళాలు తీయగానే, అవ్వ పాలచేతులు కొంగుకు తుడుచుకుంటూ గుమ్మం దగ్గరికి వచ్చి, నవ్వకుండా, కోప్పడకుండా, అరచెయ్యి చాపుతుంది. నేను ఫోను తీసి ఆ చేతిలో పెట్టి పోతాను.